తీగకు గుచ్చిన కార్డు

గూడూరు పోస్టాఫీసులో నాకు వీడ్కోలు సభ పెట్టిన రోజు మా పోస్టుమాస్టరు గారు శాలువా కప్పి, "ఇన్నేళ్ళలో రాఘవయ్య గారి చేతి మీద ఒక్క ఉత్తరం తప్పిపోలేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట నిజమే. ఉత్తరం పోగొట్టలేదు, దాచలేదు, కాలవలో పడేయలేదు. ఒక కార్డును చేర్చాల్సిన మనిషి చేతిలోనే పెట్టాను. అయినా అది ఆమెకు ముప్పై ఏళ్ళకు పైగా అందలేదు.

కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇద్దరు నా అనుభవాలు రాయమన్నారు. పరీక్షలు, బదిలీలు, ఇంక్రిమెంట్లు మీకు ఎవరైనా చెబుతారు. నేను ఈ కార్డు సంగతే రాస్తాను. పాలేల పేర్లు, బడి పేరు, అది ఉన్న ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా పేరు మార్చలేదు.

పాలెంలో ఉత్తరం చదవడం

యాభైల చివర్లో నేను ఉద్యోగంలో చేరాను. చిట్టమూరు దాటి తూర్పుగా పోతే వచ్చే ఒక బ్రాంచి ఆఫీసు. అక్కడి నుంచి కాలవ దాటి, ఇసకలో నడిచి, సముద్రం ఒడ్డున ఉన్న పాలేలకు ఉత్తరాలు పంచాలి. అన్నీ చేపలు పట్టే వాళ్ళ ఇళ్ళు. వారానికి పది ఉత్తరాలు వస్తే ఎక్కువ. పంచడం అరగంట పని. అసలు పని చదవడం. చదువు వచ్చిన వాళ్ళు పాలేనికి ఒకరు కూడా ఉండేవాళ్ళు కాదు. గుడిసె ముందు కూర్చుని ఉత్తరం చదివి వినిపించాలి, వాళ్ళు చెప్పింది జవాబు రాయాలి. రూల్సు పుస్తకంలో ఈ పని లేదు. కాని అది చెయ్యని పోస్టుమేన్‌కు అక్కడ మంచినీళ్ళు కూడా పుట్టవు.

కోటయ్య తాత అని ఒకాయన ఉండేవాడు. కొడుకు మద్రాసు హార్బరులో కూలి. ఉత్తరం వస్తే మూడుసార్లు చదివించుకునేవాడు.

"నా పేరు వచ్చేకాడ ఇంకోసారి చదువబ్బయ్యా."

"మహారాజశ్రీ నాయన కోటయ్య గారికి..."

"గారికి అనే రాసినాడా?"

"రాసినాడు తాతా."

లోపల నుంచి ముసలమ్మ అనేది. "ఆ గారు ఇంట్లో వలలు చిక్కుదీసేది ఎప్పుడో కనుక్కోబ్బయ్యా."

నాకు ఈ పని నేర్పింది బ్రాంచి పోస్టుమాస్టరు వెంకటసుబ్బయ్య గారు. ఆయన ఊరి బళ్ళో పంతులు కూడా. పాలెంలో ఒక కట్టుబాటు ఉందని మొదటి రోజే చెప్పారు. తెప్పలు సముద్రం మీద ఉండగా ఇంట్లో ఆడవాళ్ళు ఏడవకూడదు, పోయినవాళ్ళకు కీడు. ఒక గుడిసెలో ఏడుపు వినబడితే పక్క గుడిసెల వాళ్ళు వచ్చి నోరు మూయిస్తారు. అందుకని చెడ్డ కబురు పొద్దున పూట చదవకూడదు.

"మరి చదవమని అడిగితే ఏం చేయాలండీ?"

"మెత్తగా చదువు. సాయంత్రం తెప్పలు ఒడ్డుకొచ్చినాక మళ్ళీ పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. పొద్దున మెత్తగా చదివినవాడు సాయంత్రం తప్పకుండా పోవాల. గుర్తు పెట్టుకో."

రెండు మాటలు చెప్పారాయన. నేను ఒకటి బాగా నేర్చుకున్నాను.

ఫాదరు

ఆ రోజుల్లో ఒక గాలివానకు పాలెంలో నలుగురు తెప్పలతో సహా పోయారు. వాళ్ళలో పోలమ్మ మొగుడు ఒకడు. ఆమెకు అప్పుడు ముప్పై ఏళ్ళు ఉండవు. ఒక్కడే కొడుకు, మునెయ్య. తొమ్మిదేళ్ళవాడు.

గాలివాన తర్వాత మా పాలేలకు మొదట వచ్చింది మిషను ఫాదరు. సర్కారు వాళ్ళ కన్నా ముందు వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఏ దేశమో నాకు తెలియదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో సైకిలు భుజాన వేసుకుని వచ్చాడు. పాలపొడి, గోధుమరవ్వ పంచాడు. శవాలు ఎత్తాడు. రైలు దారి మీద ఒక ఊళ్ళో వాళ్ళకు బడి, తండ్రి లేని పిల్లలకు బోర్డింగు ఉండేవి. మునెయ్యను అక్కడ చేర్చమని పోలమ్మకు చెప్పింది నేనే. అక్కడ చదువు, అన్నం రెండూ ఉన్నాయి.

పోలమ్మ ఫాదరును ఒకటే అడిగింది. "సామీ, వాణ్ణి గంగమ్మకు మొక్కుకోవద్దంటారా?"

ఫాదరు నవ్వాడు. "గంగమ్మ మీద నాకు కోపం లేదు, తల్లీ. నేను కూడా సముద్రం దాటి వచ్చినవాణ్ణి."

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ బడి మొత్తం చెడ్డదని నేను చెప్పడం లేదు. అక్కడ చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్ళు నాకు తెలుసు. ఆ ఫాదరు మంచివాడని ఈ రోజుకీ అంటాను. కాని ఆయన పిల్లల్ని ఒక బ్రదరుకు అప్పజెప్పి ఊళ్ళు తిరిగేవాడు. పాలెం జనానికి ఫాదరు మీద ఎంత గురి ఉండేదో, ఆ గురి అంతా వాళ్ళు ఎన్నడూ చూడని బ్రదరుకు కూడా దక్కింది. నాకూ అంతే.

పెన్సిలు కార్డు

బోర్డింగు పిల్లల ఉత్తరాలు నెలకోసారి ఒక కట్టగా వచ్చేవి. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి రాయిస్తారు, బ్రదరు చూసి పోస్టు చేయిస్తాడు. అన్నింటిలో ఒకటే మాట: ఇక్కడ అందరం క్షేమం, బాగా చదువుకుంటున్నాము, ప్రార్థన చేస్తున్నాము.

మునెయ్య చేరిన ఏడాదికి ఒక కార్డు కట్టలో కాకుండా విడిగా వచ్చింది. పెన్సిలుతో రాసి ఉంది. కూరగాయలకు పంపినప్పుడు బజారులో పెట్టెలో వేశాడని తర్వాత తెలిసింది. కార్డు గనక సంచిలో వేసుకునేటప్పుడే చదివాను. అందులో ఇలా ఉంది.

"అమ్మా, బ్రదరు నన్ను బెత్తంతో కొడతాడు. స్టోరు గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఇంకా ఉంది. అది కార్డు మీద రాసేది కాదు. నువ్వొస్తే చెబుతాను. వచ్చి నన్ను పిలుచుకొని పో. వలలు లాగుతాను. అన్నం తక్కువ తింటాను. మునెయ్య."

పదేళ్ళ పిల్లవాడు ఏది కార్డు మీద రాయకూడదని అనుకుంటాడో ఈ రోజు చదివే మీకు అర్థమవుతుంది. నాకు కూడా ఎక్కడో అర్థమైంది. అర్థం కానట్టు ఉండడం తేలిక.

నేను పోయేసరికి పోలమ్మ ఎండు చేపలు తిరగేస్తున్నది. తెప్పలన్నీ సముద్రం మీద ఉన్నాయి. కార్డు చూడగానే చేతులు కోకకు తుడుచుకుని వచ్చింది.

"నా బిడ్డదేనా? కట్ట రాకముందే వచ్చిందే. చదువు, చదువు."

మెత్తగా చదివాను. "అమ్మా, నేను క్షేమం. బ్రదరు చదువు చెబుతాడు. తప్పు చేస్తే కోప్పడతాడు. నిన్ను చూడాలని ఉంది. వీలైనప్పుడు వచ్చి పో."

ఆమె నవ్వింది. "కోప్పడకుంటే చదువు యాడ వచ్చిద్ది? అయ్యోర్ల మాట ఇనమని రాయి. ఈ చేపల కాలం పోయినాక వస్తానని రాయి. నూనె పెట్టుకొని తల దువ్వుకోమని రాయి."

రాశాను. రాతలో నాకు కొంచెం డాబు ఉండేది. ఆమె చెప్పిన దానికి చివర ఒక వాక్యం నేనే కలిపాను. "పెద్దలు దండించినా నీ మేలు కోసమే అని తెలుసుకుని బుద్ధిగా మెలగవలసినది." అట్లాంటి వాక్యాలు రాస్తానని నాకు పాలేలలో మంచి పేరు.

మునెయ్య కార్డు నా చేతిలో నుంచి తీసుకుని ఆమె గుడిసె చూరుకు వేలాడే ఇనప తీగకు గుచ్చుకుంది. వచ్చిన ప్రతి కార్డునూ అట్లాగే గుచ్చేది.

సాయంత్రం తెప్పలు వచ్చాయి. నేను పాలేనికి పోలేదు. ఎందుకు పోలేదంటే చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. కాళ్ళు నొప్పులు. పిల్లవాడు కొంచెం పెంచి రాశాడులే అనుకున్నాను. ఆమె పోయి వాణ్ణి తెచ్చుకుంటే మళ్ళీ తిండి ఎట్లా అనుకున్నాను. అక్కడ చేర్చమన్నది నేనే గదా, ఇప్పుడు ఏ ముఖంతో చెప్పేది అని కూడా అనుకున్నాను. ఇవన్నీ కలిపితే ఒక సాయంత్రం గడిచిపోయింది. మర్నాడు ఇంకా కష్టమైంది.

ఎండుచేపల మూట

నెల రోజుల తర్వాత ఏదో పని మీద నేను ఆ ఊరికి పోవలసి వచ్చింది. పోలమ్మ ఎండుచేపల మూట ఇచ్చి మునెయ్యకు ఇమ్మన్నది. బడి ఆవరణ శుభ్రంగా ఉంది. పూలమొక్కలు ఉన్నాయి. బ్రదరు నాతో మర్యాదగా మాట్లాడి పిల్లవాణ్ణి పిలిపించాడు. మేం మాట్లాడుకునేంతసేపూ పక్కనే నిలబడ్డాడు.

మునెయ్య సన్నబడ్డాడు. తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. మూట వైపు చూడలేదు. బ్రదరు ఎవరినో కేకేయడానికి నాలుగడుగులు పక్కకు పోయినప్పుడు అడిగాడు.

"నా కార్డు అందినాదా, అన్నా?"

"అందిందిరా."

"అమ్మకు చదివినావా?"

"చదివినాను."

"అంతా?"

"అంతా" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత తల వంచుకుని మూట అందుకున్నాడు. అరచేతుల నిండా వాతలు. నేను చూశానని తెలిసి చేతులు మూట కిందికి పెట్టుకున్నాడు. బ్రదరు తిరిగి వచ్చాడు. "దండాలు పెట్టు" అంటే పెట్టి వెళ్ళిపోయాడు.

చేపల కాలం పోయినా పోలమ్మకు పోవడానికి కుదరలేదు. ఆ తర్వాత మునెయ్య దగ్గర నుంచి విడి కార్డు రాలేదు. నెల కట్టలో అందరిలాగే సిరాతో, గుండ్రంగా, క్షేమం అని రాశాడు. నిజం రాస్తున్నాను, అవి చదివేటప్పుడు నాకు ప్రాణం తేలికగా ఉండేది. ఉన్నది ఉన్నట్టు చదవగలిగేవాణ్ణి మరి.

ఫాదరు వచ్చిన రోజు

మరుసటి ఏడాది ఎండాకాలంలో మునెయ్య బోర్డింగు నుంచి పారిపోయాడు. రెండు రోజులకు ఫాదరు పాలేనికి వచ్చాడు. నేను ఆ పొద్దు అక్కడే ఉన్నాను. ఆయన బాగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. పోలమ్మ గుడిసె ముందు వేసిన పీట మీద కూర్చుని టోపీ చేతిలో తిప్పుతున్నాడు.

"ఇంటికి రాలేదా, తల్లీ?"

"రాలా సామీ. ఎందుకు పొయ్యినాడు? వాడికేం తక్కువ చేసినారు మీరు?"

ఫాదరు టోపీ తిప్పడం ఆపాడు. తర్వాత, "అక్కడ ఒకాయన పిల్లల్ని సరిగా చూసుకోలేదు. ఆయన్ను పంపించేశాను" అన్నాడు. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. ఇంకో జిల్లాలో ఇంకో బోర్డింగుకు అని చాలా కాలానికి విన్నాను. చిరునామా కొట్టేసి వేరే ఊరికి తిప్పి పంపిన ఉత్తరం లాగా. ఫాదరు మంచితనం గురించి ముందు రాశాను. ఇది కూడా ఆయనే చేశాడు. రెండూ రాయాలి.

తర్వాత ఆయన అడిగాడు. "పిల్లవాడు నీకు ఎప్పుడూ ఏమీ రాయలేదా?"

"రాసినాడు గదా సామీ. అంతా క్షేమమనే రాసినాడు. ఈ టపా అబ్బయ్యే చదివినాడు. ఏం రాఘవయ్యా?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఫాదరు తల వెనక, జానెడు దూరంలో, చూరుకు తీగ వేలాడుతున్నది. కార్డుల మధ్య పెన్సిలు కార్డు ఒకటి గాలికి తిరుగుతున్నది. ఆయనకు తెలుగు చదవడం వచ్చునో రాదో నాకు తెలియదు. ఆయన వెనక్కి తిరగలేదు.

నేను తల ఊపాను.

ఒక తప్పు రెండు రకాలుగా చేయవచ్చు. మొదటిసారి పొరపాటున, పిరికితనంతో. ఆ పూట నేను చేసింది రెండో రకం, తెలిసి తెలిసి చేసేది. ఫాదరుకు ఆ కార్డు చూపించి ఉంటే ఆ బ్రదరు ఇంకో బోర్డింగుకు పోయేవాడా? పోయేవాడేమో, చెప్పలేను. కాని నేను చూపించలేదు. ఆ రెండో బోర్డింగు పిల్లల ముఖాలు నాకు తెలియవు గనక అప్పుడు నిద్ర పట్టింది. ఇప్పుడు పట్టడం లేదు.

మస్తాన్ గారు చెప్పింది

తర్వాత నేను పరీక్ష రాసి గూడూరు ఆఫీసులో పర్మనెంటు పోస్టుమేన్ అయ్యాను. అక్కడ హెడ్ పోస్టుమేన్ మస్తాన్ గారు. నోరు కొంచెం దురుసు. ఒకసారి నేను ఒక ముసలాయనకు కూతురు ఉత్తరం మెత్తగా చదవడం విన్నారు. వీధి మలుపు తిరిగాక అడిగారు.

"ఏం రాఘవయ్యా, ఆ ఉత్తరం నీకు రాసినారా?"

"లేదు సార్, పెద్దాయన తట్టుకోలేడని..."

"ఆయన తట్టుకోలేడా, నువ్వు తట్టుకోలేవా? చదవను చేతగాకుంటే కండ్లజోడు మర్చిపోయినానని చెప్పు. ఇంకొకరితో చదివించుకుంటాడు. మార్చబాక. అట్టా మార్చేవాడివైతే సంచి దించేసి హరికథ చెప్పుకో పో."

నేను చెప్పదలుచుకున్న పాఠం ఇదొక్కటే. ఇప్పుడు జనం చదువుకున్నారు, మీకు చదివి వినిపించే పని తక్కువ. అయినా ఎక్కడో ఒక ముసలామె కవరు మీ చేతికిచ్చి చదవమంటుంది. అందులో ఉన్నదే చదవండి. పిల్లలు రాసిందైతే ఇంకా జాగ్రత్తగా చదవండి. పిల్లవాడు తనను కొడుతున్నారని రాస్తే, వాడు పెంచి రాశాడేమో అని ఆలోచించే హక్కు మీకు లేదు.

జవాబు

గూడూరులో చేరిన రెండేళ్ళకు మునెయ్య కనిపించాడు. నిమ్మకాయల మండీలో బస్తాలు ఎత్తుతున్నాడు. నన్ను చూసి పలకరించలేదు. ఈ సంగతి పోలమ్మకు కబురు పెట్టాను, ఆమె పరుగున వచ్చింది. వాడు తల్లికి హోటల్లో అన్నం పెట్టించి, బస్సు ఎక్కించాడు. పాలేనికి రానన్నాడు. ఎందుకని ఆమె అడిగితే పని ఉందన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. ఏటా తల్లికి కోక పంపేవాడు. పాలెంలో మాత్రం అడుగు పెట్టలేదు. అమ్మ విని కూడా రాలేదని వాడి లెక్క. తను ఏం తప్పు చేసిందో ఆమెకు తెలియదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది నేను ఒక్కణ్ణే. అదే ఊళ్ళో, అదే వీధుల్లో ఉత్తరాలు పంచుతూ ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉన్నాను.

వీడ్కోలు సభలో చప్పట్లు విన్న మర్నాడు పాలెం పోయాను.

పోలమ్మ ముసలిదైంది. గుడిసె పోయి పెంకుటిల్లు వచ్చింది. తీగ మాత్రం అదే, తుప్పు పట్టి. "నీ కార్డుల్లో ఒకటి నేను సరిగా చదవలేదు, అక్కా" అన్నాను.  ఆమె తీగ దించి నా ఒళ్ళో పెట్టింది. పెన్సిలు రాత మసకబారింది గాని అక్షరాలు కనబడుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చదివాను. "అన్నం తక్కువ తింటాను" దగ్గర ఆగాను.

"చదువు" అన్నది. చదివాను. "ఇంకోసారి" అన్నది. మళ్ళీ చదివాను.

"అప్పుడెందుకు మార్చినావు?"

"తెప్పలు సముద్రం మీద ఉండాయక్కా."

"ఆ సాయంత్రం వచ్చినాయి గదా తెప్పలు."

 ఆమె జవాబు కోసం అడగలేదు. ఎండ వాలేదాకా అట్లాగే కూర్చున్నాం. తర్వాత, "కార్డుండాదా నీకాడ? నేను చెప్పింది రాయి. నేను చెప్పిందే రాయి" అన్నది. రాశాను.

మర్నాడు మండీకి పోయి ఆ కార్డు, పాత పెన్సిలు కార్డు రెండూ మునెయ్యకు ఇచ్చాను. నేను చేసింది నా నోటితోనే చెప్పాను. వాడు పాత కార్డు చూసి బస్తా మీద కూర్చున్నాడు. తర్వాత కొత్తది చదివాడు.

"మునెయ్యా, నీ కార్డు నిన్నటిదాకా నేను వినలా. వినుంటే ఆ పొద్దే వచ్చుందును, తడి కోకతోనే వచ్చుందును. నువ్వు అన్నం తక్కువ తినే పని లేదు. రా."

"పెద్దలు దండించినా నీ మేలు కోసమే" అన్నాడు మునెయ్య, తల ఎత్తకుండా. ఒక్క అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. తర్వాత కొత్త కార్డు నా ముందు పెట్టాడు. "ఇదీ నీ రాతే. మాటలెవురివి?"

"మీ అమ్మవి."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి గూడా నాది లేదు."

వాడు లేచి మేస్త్రీతో ఏదో చెప్పి బస్టాండు వైపు నడిచాడు. నేను వెనకే పోయాను. బస్సులో నా పక్కన చోటున్నా ముందు సీటులో కూర్చున్నాడు.  క్షమించానని ఆ రోజూ అనలేదు, ఈ రోజుకీ అనలేదు. అనాలని నేను అడగలేదు.

బస్సు దిగి వాడు ఇసకలో నడుచుకుంటూ పాలెంలోకి పోయాడు. నేను కాలవ గట్టు దాటలేదు. అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది, తెప్పలు ఇంకా సముద్రం మీదే ఉన్నాయి. కాసేపటికి సముద్రపు గాలి మీద పోలమ్మ ఏడుపు వినబడింది. పెద్దగా, ఎడతెగకుండా ఏడ్చింది. పాలెంలో ఎవరూ వచ్చి ఆమెను ఊరుకోమనలేదు.